తూటాలు లెక్కపెట్టే పలక

చెవుడు దాచుకోవడం ఎంత కష్టమో దాచుకున్నవాడికే తెలుస్తుంది. బట్టతలైతే తలపాగా చుట్టుకోవచ్చు. కాలు కుంటైతే పంచె కిందికి దించుకోవచ్చు. చెవుడి మీద ఏం కప్పుతాం? అయినా సుబ్బరాయుడు రెండేళ్లుగా ఆ పని దిట్టంగా చేసుకొస్తున్నాడు. ఎవరేమన్నా తల ఊపడం, ఎదుటివాడు నవ్వితే తనూ నవ్వడం, ఎదుటివాడు కోపంగా ఉంటే "చూద్దాంలే" అనడం. ఈ మూడింటితో లోకంలో ముప్పాతిక పనులు జరిగిపోతాయని అతనికి ఆ రెండేళ్లలో తెలిసొచ్చింది.

జరగని పని ఒక్కటే. ఖర్మ కాలి, అదే అతని ఉద్యోగం.

సుబ్బరాయుడు బండలు పేల్చే మేస్త్రి. కడప జిల్లా నాపరాతి గనుల్లో మొదలుపెట్టి, ముప్పై ఏళ్లు మందూ వత్తీ పట్టుకుని ఊళ్లు తిరిగి, చివరికి మూడేళ్ల కిందట హైదరాబాదు చేరాడు. ఈ కథ జరిగింది 1999 వేసవిలో. మాదాపూర్‌లో గుండ్రటి పెద్ద భవనం లేచి ఆరు నెలలైంది. దాని చుట్టుపక్కల ఇంకా ఎన్నో లేవాలని అందరికీ తొందర. అటు ఖాజాగూడ దాకా ఎక్కడ చూసినా ఏనుగులంతేసి బండలు. అక్కడికి కంప్యూటర్లు వచ్చి కూర్చోవాలంటే ముందు బండ కదలాలి, బండ కదలాలంటే సుబ్బరాయుడు రావాలి.

పని చూడ్డానికి సులువే. బండలో పన్నెండు కన్నాలు తొలిస్తే పన్నెండింటిలోనూ తూటాలు దించి, మందు దట్టించి, ఒక్కోదానికి ఒక్కో పొడవు వత్తి పెట్టి అంటిస్తారు. అందరూ దూరంగా పోయి దాక్కుంటారు. ఒకదాని తర్వాత ఒకటి పేలుతుంటే లెక్కపెడతారు. పన్నెండు పెడితే పన్నెండు వినపడాలి. పదకొండే వినపడ్డాయంటే పన్నెండోది బండ లోపల ప్రాణంతో ఉన్నట్టు. తెలియక దాని మీద ఎవరైనా గడ్డపార దించితే ఆ మనిషి ఇంటికి చేరడు. అందుకే లెక్క సరిపోయాకే మేస్త్రి ముందుగా బండ ఎక్కి చూసి ఈల ఊదుతాడు. ఈల వినపడ్డాకే నలభై మంది, ఆడామగా, గడ్డపారలూ తట్టలూ పట్టుకుని పైకి వస్తారు. ముప్పై ఏళ్లుగా ఆ ఈల సుబ్బరాయుడి మెడలోనే ఉంది. ఆ ముప్పై ఏళ్లలో అతని ఈల నమ్ముకుని బండ ఎక్కినవాడికి గోరు కూడా ఊడలేదు.

పేలుడు అతనికి బొత్తిగా వినపడదని కాదు. అంత చప్పుడు గోడలకైనా వినపడుతుంది. కానీ అన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోయి, దూరంగా ఎవరో ఇంటి తలుపు దబదబా బాదుతున్నట్టు ఉంటుంది. ఎన్నిసార్లు బాదారో తెలియదు. అందుకని అతనొక ఉపాయం పట్టాడు. డ్రిల్లు మిషను తోలే రాజయ్య ప్రతి పేలుడినీ పైకే లెక్కపెడతాడు. సుబ్బరాయుడు అతనికి ఎదురుగా కూర్చుని ఆ పెదాలు చదివేవాడు. ఎవరికీ తెలియకుండా లెక్క దొంగిలిస్తున్నానని లోలోపల కొంత సిగ్గు, కొంత సంబరం.

ఏప్రిల్‌లో కంపెనీవాళ్లు దుమ్ము పడకూడదని అందరి మూతులకూ గుడ్డ మాస్కులు కట్టించారు. రాజయ్య పెదాలు మాయమైపోయాయి. మొదటి రోజు సుబ్బరాయుడికి చెమట్లు పట్టాయి. "రాజయ్యా, నువ్వు నేర్చిన విద్య ఎంతుందో సూస్తా, ఎన్ని పేలినాయో చెప్పు" అని మేస్త్రి దర్పంతో అడిగి, మాస్కు దింపించి చెప్పించుకుని గండం గడిపాడు. రెండో రోజూ అదే పరీక్ష పెట్టాడు. కానీ ముప్పై ఏళ్ల మేస్త్రి రోజూ పనివాడికి ఒకట్లు, రెండ్లు పరీక్ష పెడుతుంటే ఎన్నాళ్లు సాగుతుంది? నిజం చెప్తే ఈల పోతుంది. చెప్పకపోతే ఏదో ఒక రోజు ఎవరి ప్రాణమో పోతుంది. ఈ రెండింటి మధ్యా అతనికి అన్నం సహించడం మానేసింది.

ఇంట్లో మాత్రం దాపరికం లేదు. పెళ్లాం ఓబులమ్మ మొగుడితో చెప్పుకునే రహస్యాలన్నీ రెండేళ్లుగా బోరబండలో ఆ వీధి మొత్తానికీ తెలుసు. వాళ్లతోపాటు మేనకోడలు రమ్య ఉంటుంది. కడపలో పాలిటెక్నిక్ చదివి, బాలానగర్‌లో యూపీఎస్‌లు చేసే చిన్న కంపెనీలో సోల్డరింగు పని చేస్తోంది. చదువుకునే రోజుల నుంచీ సొంతంగా ఒక కంప్యూటరు కట్టుకుంటోంది. కంప్యూటరంటే టీవీ లాంటి పెట్టె ఉంటుందని సుబ్బరాయుడి నమ్మకం. దీనికి పెట్టె లేదు. చిల్లుల అట్ట మీద నాలుగు నల్ల చిప్పులు, వాటి వెనక చిక్కుపడ్డ తీగలు, ఓ చివర ఎనిమిది ఎర్ర దీపాలు. అంతే.

ఓ ఆదివారం అతనే అడిగాడు. "పాపా, నీ మిషను చప్పుళ్లు లెక్కబెడతాదా?"

రమ్య వచ్చి అతని ముఖానికి ఎదురుగా కూర్చుంది. "ఎట్లాంటి చప్పుళ్లు మామా?"

కన్నాలు, తూటాలు, వత్తులు, ఒక పేలుడుకీ ఇంకోదానికీ మధ్య ఎంత వ్యవధి ఉంటుంది, లెక్క తప్పితే ఏమవుతుంది, మొత్తం చెప్పాడు. ఈ పని గురించి తనకు తెలిసిందంతా చెప్పేశాననే అనుకున్నాడు. రమ్య మధ్యలో రెండు ప్రశ్నలు అడిగింది గానీ, చెవుల సంగతి కంపెనీలో ఎందుకు చెప్పవని మాత్రం అడగలేదు. అడగనందుకు అతనికి ఆ పిల్ల మీద ప్రేమ పొంగింది.

పాత టెలిఫోను మాట్లాడే వైపు భాగం ఊడదీసి తన కంప్యూటరుకు చెవిలా తగిలించింది. ఓబులమ్మ అట్లపెనం మీద రోకలితో కొట్టింది. కొట్టినప్పుడల్లా ఎర్ర దీపాలు మారాయి.

"సూడు మామా, మూడోదీ నాలుగోదీ వెలిగినాయి. పన్నెండు."

"యాడ పన్నెండు? నాకు రెండు దీపాలే కనపడతాండాయి."

"ఒకదాని విలువ నాలుగు, ఇంకోదాని విలువ ఎనిమిది. కూడుకోవల్ల."

"బండ కాడ నిలబడి నేను కూడికలు చేస్తా కూర్చోవల్నా? అంకె కావల్ల పాపా, కంటికి కనపడే అంకె!"

రమ్య ముఖం ముడుచుకుంది. ఆ దీపాలంటే తనకు ఎంత ఇష్టమో. కానీ మర్నాడే కోఠీకి పోయి, గుజరాతీ గల్లీలో పాత సామాన్ల కొట్టు తిరగేసి, చచ్చిపోయిన ఫ్యాక్స్ మిషను నుంచి ఊడదీసిన చిన్న డిస్‌ప్లే ఒకటి పట్టుకొచ్చింది. రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది. దాంట్లో రెండు వరుసలు, వరుసకు పదహారు గళ్లు, గడికో అక్షరమో అంకెనో పడుతుంది. పనిచేయకపోతే వాపసు తీసుకోనని కొట్టువాడు ముందే చెప్పాడట. సుబ్బరాయుడు దానికి పలక అని పేరు పెట్టాడు.

పలకకూ కంప్యూటరుకూ మధ్య పద్నాలుగు తీగలు. రమ్య పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, ఒక్కో తీగా అతికించేది. సుబ్బరాయుడు పక్కన కూర్చుని దీపం పట్టుకునేవాడు. అన్నీ అయ్యాక కరెంటు పెడితే ఏమీ కనపడలేదు. అక్షరాల నలుపు ఎంత ముదరాలో చెప్పే మూడో కాలికి ఏమీ అతికించకుండా వదిలేసిందట. దానికో చిన్న మర బిగించి తిప్పితే, పై వరుస నిండా నల్లటి గళ్లు వచ్చాయి. కింది వరుస ఖాళీ. రెండు సాయంత్రాలు ఆ నల్ల గళ్లే. ఓబులమ్మ వచ్చి చూసి, "ఇది అంకెనా? దీనికన్నా నా అట్లపెనమే నయం" అని పోయింది.

రమ్య ఆ రకం పలకల వివరాలున్న జెరాక్సు కాగితాలు ముందేసుకుని మళ్లీ మొదటి నుంచీ చదివింది. చదివి చదివి తల కొట్టుకుంది.

"తప్పు నాదే అత్తా. కరెంటు తగిలినాక ఇది నిద్ర లేచేదానికి రవ్వంత సేపు పడ్తాది. నేను ఆలోపలే అంకెలు పంపిస్తాండా. అది ఇనుకోల్యా."

"మీ మామ కూడా అంతే. కాఫీ నోట్లో పడేదాకా ఏం చెప్పినా చెవికెక్కదు. కాఫీ పడినాకా ఎక్కదనుకో" అంది ఓబులమ్మ.

ప్రోగ్రాములో మొదట కాసేపు ఆగమని రాసి, చిప్పులోకి ఎక్కించి, మళ్లీ కరెంటు పెట్టింది. నల్ల గళ్లు పోయి ఇంగ్లీషు అక్షరాలు నిలబడ్డాయి. సుబ్బరాయుడికి తెలుగు, అంకెలు తప్ప వేరే రావు.

"ఏమి రాసినావు?"

"నీ పేరు మామా."

అతను కళ్లద్దాలు తెచ్చుకుని మరీ చూశాడు. హాజరు పుస్తకాల్లో తప్ప తన పేరు ఇంకెక్కడా రాసి ఉండగా చూసిన గుర్తు లేదు.  పడుకునేదాకా పలకను ఆపనివ్వలేదు.

మొదటి రోజు పలకను రేకు బిస్కెట్ డబ్బాలో బిగించి, స్కూటరు బ్యాటరీ జతచేసి తీసుకెళ్లాడు. పనివాళ్లు మూగితే, కంపెనీవాళ్లు పెట్టమన్నారని కోశాడు. ఆ రోజు పన్నెండు తూటాలకు పలక మీద పంతొమ్మిది పడింది. ఇంటికొచ్చి చెప్తే రమ్య నవ్వింది. చప్పుడు ఎదుటి బండకు తగిలి తిరిగొస్తే దాన్ని కూడా లెక్కేస్తోందట. "ఒకటి ఇన్నాక అర సెకను సేపు చెవులు మూసుకోమని చెప్తా" అంది. మిషనుకు కూడా చెవుడు పెట్టాల్సి వచ్చిందని సుబ్బరాయుడికి కాస్త ఊరటగా అనిపించింది.

రెండో రోజు పలక మొత్తం నల్లగా మాడిపోయింది. ఒక్క అంకె కనపడితే ఒట్టు. సాయంత్రం ఇంటికి తెచ్చి చూపిస్తే, ఏమీ ఎరగనట్టు శుభ్రంగా పనిచేసింది. అతన్ని పిచ్చివాడిలా చూశారు. ఓబులమ్మ దిష్టి తీసింది. ఈ రెండు రోజులూ రాజయ్యకు పరీక్ష పెట్టి బతికిపోయాడు.

మూడో రోజు రమ్య సెలవు పెట్టి తనే వచ్చింది. పని జరిగే చోటుకు రెండు వందల గజాల దూరంలో ఓ పెద్ద గుండురాయి, దాని చాటున రేకుల పందిరి. మధ్యాహ్నం రెండు గంటల ఎండ. పలక మళ్లీ నల్లబడింది. రమ్య డబ్బా మీద చెయ్యి పెట్టి చురుక్కుమనగానే తీసేసింది.

"మామా, ఎండ వేడికి దీని గళ్లు ముదురుతాండాయి. అంతే. సచ్చిపోల్యా."

స్క్రూడ్రైవరుతో ఆ చిన్న మరను ఇంచుక తిప్పింది. నలుపు కరిగి, దాని లోపలి నుంచి సున్నా బయటపడింది. సుబ్బరాయుడు తన తుండుగుడ్డ తడిపి డబ్బా మీద కప్పాడు. సున్నా ఇంకా స్పష్టమైంది. అప్పటిదాకా పక్కనే నిలబడి చూస్తున్న రాజయ్య, "గిదేందో మంచిగనే ఉన్నది మేస్త్రీ. ఇగ మనకు ఫికర్ లేదు" అన్నాడు. మాస్కు ఉండటంతో ఆ మాటలు సుబ్బరాయుడికి అందలేదు. తల ఊపాడు.

ఆ రోజు కూడా పన్నెండు కన్నాలే. ఎర్రజెండాలు పాతారు. అందరూ వెనక్కి వచ్చారు. వత్తులు అంటించే ముందు రాజయ్య ఎప్పట్లాగే అమ్మ తూటా కాల్చాడు. అంటే పెద్ద తూటా కాదు. చిటికెడు మందు కాగితంలో చుట్టి, విడిగా ఓ రాయి మీద పెట్టి పేలుస్తారు. బండలో ఉండే అమ్మవారిని అనుమతి అడిగినట్టూ అవుతుంది, బండల సందుల్లో మేకలు కాసుకునేవాళ్లు ఎవరైనా ఉంటే లేచి పోయినట్టూ అవుతుంది. అది టప్పుమంది. ఆ తర్వాత పన్నెండు వత్తులూ అంటించి రాజయ్య, ఇంకో మనిషి పందిరి కిందికి పరుగెత్తుకొచ్చారు.

బండ లేచింది. దుమ్ము లేచింది. సుబ్బరాయుడి కళ్లు ఎవరి మూతి మీదా లేవు, పలక మీదే ఉన్నాయి. అయిదు. ఆరు. తొమ్మిది. పది. ఎంత నిమ్మళంగా ఉందో ప్రాణం. పదకొండు. పన్నెండు. అక్కడ ఆగింది. మరి కాసేపు చూశాడు. పన్నెండే. రెండేళ్ల తర్వాత మొదటిసారి ఎవరినీ అడుక్కోకుండా, ఎవరి దగ్గరా దొంగిలించకుండా లెక్క అతని చేతికి వచ్చింది. రమ్య వైపు తిరిగి చెయ్యెత్తి దీవించాడు. ఆ పిల్ల సంతోషంతో ఎగిరి గంతేస్తూ, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి చూపిస్తూ గబగబా ఏదో చెప్పింది. అతను తల ఊపి బండ వైపు నడక మొదలుపెట్టాడు. నలభై మంది తట్టలూ పారలూ సర్దుకుని ఈల కోసం నిలబడ్డారు.

నాలుగడుగులు వేశాక రమ్య వేళ్లు మళ్లీ కళ్లముందు ఆడాయి. చిన్నది అని చూపించింది. ఏది చిన్నది? ఇంకో పదడుగులు పడ్డాయి. ఆ పిల్ల పెదాల మీది మాటలు అప్పుడు ఒక్కొక్కటే అందాయి. "మొదట్లో ఆ చిన్న చప్పుడును కూడా వదల్ల్యా మామా, పట్టేసింది!"

సుబ్బరాయుడి కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

అమ్మ తూటా. మిషను దాన్ని కూడా లెక్కేసుకుంది. అమ్మ తూటాను లెక్కలో కలపకూడదని అతను ఆ పిల్లకు చెప్పలేదు. అసలు అలాంటిదొకటి ఉందనే చెప్పలేదు. ముప్పై ఏళ్లుగా ఏ మేస్త్రీ, ఏ కూలీ దాన్ని లెక్కలో చెప్పుకోలేదు. లెక్కలోనే లేనిది నోటికి ఎలా వస్తుంది? పన్నెండులో ఒకటి తీసేస్తే పదకొండు. ఒకటి బండలోనే ఉంది.

 వెనక్కి తిరిగి ఎర్రజెండా పీకి రెండు చేతులతో పైకెత్తాడు. ఎవర్నీ కదలొద్దని అరుస్తూ పందిరి దాకా పరుగెత్తి రాజయ్య మాస్కును తనే కిందికి లాగాడు.

"ఎన్ని పేలినాయి? నువ్వు ఎన్ని లెక్కబెట్టినావు?"

రాజయ్య బిత్తరపోయాడు. "ఇయ్యాల లెక్కవెట్టలే మేస్త్రీ. మిషిన్ వచ్చిందిగద అని ఊకున్న."

సుబ్బరాయుడు నేల మీద కూలబడ్డాడు. రమ్యకు సంగతి చెప్పగానే ఆ పిల్ల ముఖంలో నెత్తురు లేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని పలక వంకే చూస్తోంది.

పని ఆగిందని తెలిసి సైటు ఇంజనీరు కామేశ్వరరావు గొడుగు వేసుకుని వచ్చాడు. గోదావరి జిల్లా మనిషి, కోపంలో కూడా మర్యాద తప్పడు. పలక చూశాడు.

"పన్నెండు పెట్టారు, పన్నెండు పడిందండీ. ఇంకా దేనికండీ ఆలస్యం? కింద లారీలు నిలబడిపోయాయి."

సుబ్బరాయుడు అమ్మ తూటా సంగతి చెప్పాడు. కామేశ్వరరావు నొసలు చిట్లించాడు.

"ఈ చిన్నమ్మాయి మిషను సంగతి పక్కన పెట్టండి. మీది ముప్పై ఏళ్ల చెవి. మీ చెవికి ఎన్ని వినిపించాయో అది చెప్పండి మేస్త్రి గారూ. నేను దాన్నే నమ్ముతాను."

ఈ మాటలు ఇంజనీరు ఎదురుగా నిలబడి, మాస్కు లేకుండా అన్నాడు కాబట్టి సుబ్బరాయుడికి పూర్తిగా అర్థమయ్యాయి. పదకొండు అంటే చాలు. అబద్ధమైనా లెక్క సరైనదే. ఎవరూ బండ ఎక్కరు, ఎవరికీ ఏమీ కాదు, ఈల మెడలోనే ఉంటుంది. మాట నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడు అతని కళ్లు తట్టలు పట్టుకుని ఎండలో నిలబడ్డ ఆడవాళ్ల మీద పడ్డాయి. ఇందాక తను ఆగకుండా బండ దాకా నడిచి ఈల ఊది ఉంటే వాళ్లు ఈపాటికి ఆ బండ మీద ఉండేవాళ్లు. తను తల ఊపినందువల్లే ఉండేవాళ్లు. ఈ రోజుకు తప్పింది. ఇంకో రోజు?

"నాకు ఇనపడదు సార్" అన్నాడు. "రెండేండ్లయింది. పేలేది తెలుస్తాది గానీ ఎన్నో తెలీదు. రాజయ్య మూతి సూసి లెక్కబెట్టుకుంటాంటి. మూతులకు గుడ్డలు కట్టినాక ఏమీ తెలీక ఈ మిషను తెచ్చుకున్యా. మా పాప తప్పేం ల్యా. చెప్పాల్సింది నేనే చెప్పల్యా."

చెప్పేసి మెడలోంచి ఈల తీసి ఇంజనీరు చేతిలో పెట్టాడు. తల ఎత్తలేకపోయాడు. ముప్పై ఏళ్ల పరువు అక్కడ ఎండలో అందరి కళ్లముందు పోయిందని అనిపించింది.

రాజయ్య వచ్చి అతని ముందు గొంతుక్కూర్చున్నాడు. మాస్కు గడ్డం కిందికి దించుకుని, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"మాకు ఎరుకలేదా మేస్త్రీ? రెండేండ్ల సంది నీ దిక్కే తిరిగి, నోరు పెద్దగ తెరిచి ఎందుకు లెక్కవెడుతున్న అనుకున్నవ్? నాకేమన్న పిచ్చా? నువ్వు పరీక్ష అంటే, జర సేపు ఆలోచించినట్టు జేసి మరీ చెప్తుంటి. ఇయ్యాల మిషిన్ వచ్చింది, నువ్వు అడుగలే. నేను మానిన. గదే నా తప్పు."

 సుబ్బరాయుడు దొంగిలిస్తున్నాననుకున్నది వాళ్లు రెండేళ్లుగా చేతులారా పెడుతున్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా రాజయ్య భుజం పట్టుకుని కూర్చుండిపోయాడు.

మందు పని రూలు ప్రకారం, ఇంకా కొంచెం ఎక్కువే, గంటసేపు అందరూ ఆగారు. తర్వాత సుబ్బరాయుడు ఒక్కడే బండ ఎక్కాడు. ఏడో కన్నం దగ్గర పక్క పేలుడు రాయి తగిలి వత్తి తెగి ఉంది. కింద మందు మందుగానే ఉంది. సరిగ్గా రాళ్లు ఏరడం మొదలుపెట్టే చోటు. దానికి మూరెడు ఎడంగా ఇంకో కన్నం వేయించి, చీకటి పడకముందే దాన్ని పేల్చి, స్వయంగా అంగుళం అంగుళం చూసుకున్నాకే కిందికి దిగాడు.

కామేశ్వరరావు అతని కోసం పందిరి కిందే కూర్చుని ఉన్నాడు. ఈ లోపల రమ్య చేత పలకనూ తీగలనూ ఒక్కొక్కటీ చూపించుకున్నాడట.

"మేస్త్రి గారూ, ఈల మీ చేతికి తిరిగి ఇవ్వలేనండి. అది రాజయ్య ఊదుతాడు" అన్నాడు. సుబ్బరాయుడు తలదించుకున్నాడు. "కానీ కన్నం ఎక్కడ తొలవాలి, మందు ఎంత పెట్టాలి, బండ మీదికి ఎవరు ఎప్పుడు ఎక్కాలి, అదంతా మీరేనండి. ఇవాళ జెండా ఎత్తింది చెవి కాదు కదా. ఆదివారం లోపల ఆసుపత్రికి వెళ్లి చెవులు చూపించుకు రండి. ఆ కాగితం నాకివ్వండి."

ఈల పోయిన బాధ బాధే. ఇంటికి వెళ్లేదాకా మెడ మాటిమాటికీ తడుముకున్నాడు. అయినా ఆ రాత్రి రెండు నెలల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాడు. ఓబులమ్మ మారు వడ్డిస్తుంటే రమ్య ఎదురుగా పుస్తకం తెరిచి కూర్చుంది. ఆ పిల్ల కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బాయి.

"మామా, నేను సగమే అడిగినా, నువ్వు సగమే చెప్పినావు. లెక్కలోకి రానివి ఇంకా ఏమేమి ఉండాయో అన్నీ చెప్పు. రాసుకుంటా."

అతను చెప్పడం మొదలుపెట్టాడు. బండ చల్లారేటప్పుడు దానంతట అదే ఫటేలుమని పగిలే చప్పుడు. పక్క సైటులో పేలుళ్లు. లారీ టైరు పగలడం. పెళ్లి ఊరేగింపులు. ఒక్కో మాటకూ రమ్య మొహం వాడిపోతోంది. ఇవన్నీ మిషనుకు ఎలా చెప్పడం? చివరికి కలం కింద పెట్టి, అన్నీ తెలిసిన మిషను చేయలేననీ, పలకకు రెండు వరుసలున్నాయి కాబట్టి పై వరుసలో మిషను విన్నదీ, కింది వరుసలో మనిషి విన్నదీ వేస్తాననీ చెప్పింది. రాజయ్య చేతికి ఒక మీట ఇస్తుంది. పేలుడు పేలుడుకీ అతను నోటితో అంటూ మీట నొక్కాలి. రెండు వరుసలూ కన్నాల లెక్కతో సరిపోతేనే బండ ఎక్కడం. ఒకటి తేడా వచ్చినా గంట ఆగాల్సిందే.

"మిషను వచ్చిందని ఎవురూ నోరు మూసుకోగూడదు" అన్నాడు సుబ్బరాయుడు.

దవాఖానలో కుడి చెవి కొంత మిగిలి ఉందని, చెవి మిషను పెట్టుకుంటే పనికొస్తుందని చెప్పారు. అది రావడానికి నెల పడుతుందట.

సోమవారం మళ్లీ పేల్చారు. పది కన్నాలు. అమ్మ తూటా కాల్చాక రమ్య చెప్పినట్టు సుబ్బరాయుడే పలకను సున్నాకు తిప్పాడు. వత్తులు అంటించారు. బండ లేచింది, దుమ్ము లేచింది. పలక మీద పై వరుసలో పది, కింది వరుసలో పది. రాజయ్య మీట కింద పెట్టి, ఈల చేత్తో పట్టుకుని, మాస్కు తీయడం మరిచిపోయి ఏదో అన్నాడు.

సుబ్బరాయుడి తల ఊగడానికి సిద్ధమైంది. అతను దాన్ని ఆపాడు. చెవి వెనక చెయ్యి పెట్టుకుని, నలభై మందికీ వినపడేలా అరిచాడు.

"ఏమీ? ఇనపడల్యా! గట్టిగ చెప్పు!"

"పది!" అని నలభై గొంతులు ఒక్కసారి అరిచాయి. అది అతనికి వినపడింది.